అరువు కాళ్ళతో ఆడించిన ఫుట్‌బాల్

నేను ముప్పై ఏళ్ళకు పైగా నంద్యాలలో డ్రిల్లు మాస్టరుగా పనిచేశాను. కాగితాల్లో ఆ ఉద్యోగానికి ఇంకా పెద్ద పేరు ఉంది గానీ, పిల్లలకూ వాళ్ళ తల్లిదండ్రులకూ నేనెప్పుడూ డ్రిల్లు సారునే. బడి పని అయ్యాక ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు కోచ్‌ని. మొదటి పనికి జీతం వచ్చేది, రెండో పనికి తిట్లు వచ్చేవి.

మొన్న మా వీధి కుర్రవాడొకడు కొత్తగా ఇదే ఉద్యోగంలో చేరబోతూ ఇంటికి వచ్చాడు. "మీ అనుభవంల నుంచి నాలుగు మాటలు చెప్పు సారూ" అన్నాడు. అడిగిందే ఆలస్యం, గంటసేపు చెప్పాను. ఏ ఆటలో ఏ ఎత్తు వేశానో, ఎవరిని ఎట్లా తీర్చిదిద్దానో, అవతలి జట్లు నన్ను చూసి ఎంత భయపడేవో. అతను మర్యాదగా అంతా విన్నాడు. తర్వాత మా షోకేసు వంక చూసి, "అట్లయితే కప్పులన్నీ యాడ పెట్టినావు సారూ?" అని అడిగాడు. షోకేసులో మా ఆవిడ తిరునాళ్ళలో కొన్న గాజు బాతులు తప్ప ఇంకేమీ లేవు.

అతను వెళ్ళాక ఆలోచించాను. గెలిచిన సంగతులు చెప్పడానికి గంట పట్టింది, అందులో ముక్కాలు భాగం అబద్ధం. నిజంగా నాకు తెలిసినవి నేను చేసిన తప్పులే. ఆ తప్పుల్లో పెద్దవన్నీ ఒకే విషయంలో చేశాను, పక్క ఊరి నుంచి అరువు తెచ్చుకున్న కుర్ర ఆటగాళ్ళ విషయంలో. అందుకని అది ఒక్కటే రాస్తున్నాను. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, డ్రిల్లు పీరియడ్‌ని లెక్కల సారుకు ఇచ్చేయమన్న హెడ్‌మాస్టర్ల కథలు ప్రతి బడిలోనూ ఉంటాయి, వాటిని నేను రాయనక్కర్లేదు.

ఎనిమిది మందితో పదకొండు

తొంభైల మొదట్లో మా క్లబ్బు రిజిస్టరులో ఇరవై రెండు పేర్లు ఉండేవి. ఆదివారం పొద్దున మైదానంలో ఎనిమిది మంది ఉండేవాళ్ళు. శనగ కోతలప్పుడు ఆరుగురు. పెళ్ళిళ్ళ కాలంలో, వంటలు బాగుంటాయని పేరున్న ఇంట్లో పెళ్ళయితే, నేనూ బంతీ మాత్రమే ఉండేవాళ్ళం.

మైదానం పక్కనే కాలువ. నల్లరేగడి నేల. వానొస్తే బూటు దిగబడి కాలు మాత్రం పైకి వచ్చేది, ఎండాకాలంలో పగుళ్ళలో బంతి ఎటు ఎగురుతుందో దేవుడికి కూడా తెలిసేది కాదు. బంతి కాలువలో పడితే తేవడానికి ఒకడు దూకేవాడు, వాడికి తోడుగా ఇద్దరు దూకేవాళ్ళు. ఏప్రిల్ నెలలో కాలువలోకి దిగినవాడు మళ్ళీ ఆటకు ఎందుకొస్తాడు? ఒకసారి గెలుస్తున్న ఆటను అట్లాగే కాలువ పాలు చేశాం.

జిల్లా లీగులో ఒక నియమం ఉండేది. రెండుసార్లు జట్టు రాకపోతే క్లబ్బు పేరు కొట్టేస్తారు. మాకు ఒకసారి అయిపోయింది. మా క్లబ్బు ప్రెసిడెంటు బట్టల షాపు శెట్టిగారు. మంచి మనిషి. తన షాపులో అమ్ముడుపోకుండా మిగిలిన ఒకే తాను నుంచి జట్టంతటికీ పసుపు రంగు జెర్సీలు కుట్టించాడు, అందరికీ ఒకటే సైజు. ఆయన నన్ను షాపుకు పిలిపించి, "సారూ, బోర్డు రాయించినాం, జెర్సీలు కుట్టించినాం. ఇంగ మనుషుల్ని కూడా నేనే కుట్టియ్యాల్నా?" అన్నాడు.

లీగులో ఇంకొక వెసులుబాటు కూడా ఉండేది. వేరే ఊరి క్లబ్బు ఉత్తరం రాసిస్తే, వాళ్ళ కుర్రవాళ్ళను ఇద్దరిని ఒక సీజనుకు మన జట్టులో ఆడించుకోవచ్చు, సీజను కాగానే తిరిగి పంపేయాలి. అప్పటిదాకా నేను దాన్ని వాడుకోలేదు. ఇంట్లో కూర లేదని పక్కింటికి గిన్నె పట్టుకుపోయినంత నామోషీగా ఉండేది. కానీ పేరు కొట్టేస్తారంటే నామోషీ దానంతటదే తగ్గింది. ఎర్రబస్సు ఎక్కి ఆళ్ళగడ్డ పోయాను.

శిల్పి కొడుకు చేతులు

ఆళ్ళగడ్డలో మస్తాన్ అని నాలాగే ఒక డ్రిల్లు సారు ఉండేవాడు. నాకన్నా ఆరేడేళ్ళు పెద్ద, మస్తానన్నా అని పిలిచేవాణ్ణి. మాటలో మొహమాటం లేదు. ఆయన దగ్గర ఆడే పిల్లలు దండిగా ఉండేవాళ్ళు గానీ లీగులో చేరే స్తోమతు ఆ క్లబ్బుకు లేదు. నా దగ్గర లీగు ఉంది, ఆడేవాళ్ళు లేరు. పెళ్ళిచూపులకు ఇంతకన్నా మంచి జోడీ దొరకదు.

మస్తానన్న పిల్లల్ని వరసగా నిలబెట్టి, "చూస్కో సుబ్బయ్యా, యెవురు కావాలో" అన్నాడు. నేను వెనక్కి ముందుకు రెండుసార్లు నడిచాను, సంతలో ఎద్దుల్ని చూసినట్టు. మాకు గోల్‌కీపర్ లేడు. వరసలో అందరికన్నా పొడుగ్గా ఒకడున్నాడు, చేతులు మోకాళ్ళ దాకా ఉన్నాయి. ఇంకేం కావాలి? వాడి భుజం మీద చెయ్యి వేశాను.

"వాడేనా?" అన్నాడు మస్తానన్న.

"వాడే. ఏం, బాగలేదా?"

"బాగుండాడు. వాన్ని ఏమన్నా అడుగుతావా?"

"ఏం అడగాల? పొడుగుండాడు కదా."

మస్తానన్న ఉత్తరం రాసి ఇచ్చాడు.

మొదటి ఆటలో మాకు ఏడు గోల్స్ పడ్డాయి. బంతి వచ్చిన ప్రతిసారీ వాడు పెద్దమనిషికి దారిచ్చినట్టు పక్కకు తప్పుకున్నాడు. సగం ఆట కాగానే వాణ్ణి పిలిచి, "ఎందుకప్పా పక్కకు పోతాండావ్?" అని అడిగాను.

"చేతికి తగుల్తాది కద సారూ" అన్నాడు.

"తగలాలనే కదా నిన్ను ఆడ నిలబెట్టింది?"

వాడు తల వంచుకుని, "మా నాయన రాళ్ళు చెక్కుతాడు. నాకూ నేర్పిస్తాండాడు. ఏలు ఇరిగితే ఉలి పట్టుకునేది యట్ల సారూ?" అన్నాడు.

ఆళ్ళగడ్డ శిల్పుల పనితనం ఎరగనివాళ్ళు చుట్టుపక్కల లేరు. వాళ్ళ ఇంటి పిల్లాడి చేతుల్ని నేను బంతికి అడ్డం పెట్టాను. మీ నాయన ఏం చేస్తాడని ఒక్క మాట అడిగి ఉంటే ఏడు గోల్స్ తప్పేవి. రెండో సగంలో వాణ్ణి గోల్ ముందు వెనక వరసలో పెట్టాను. కాళ్ళ విషయంలో వాళ్ళ నాయనకు అభ్యంతరం లేదు. ఆ సీజనంతా వాడు అక్కడ గోడలా ఆడాడు, మేం లీగులో నిలబడ్డాం. నాలుగు నెలల తర్వాత వాణ్ణి అప్పజెప్పడానికి పోయినప్పుడు, "పొడుగోన్ని యాడ ఆడించినావు?" అని మస్తానన్న అడిగితే, నా ఎత్తుగడ ఫలించిందని చెప్పాను. ఏడు గోల్స్ సంగతి ఆయన అప్పటికే విన్నట్టుంది, అయినా ఆ మాట ఎత్తకుండా నా పరువు కాపాడాడు.

ముందు బస్సుకు వచ్చేవాడు

ఈ అరువు కుర్రవాళ్ళ వల్ల క్లబ్బుకు లాభం ఏమిటని శెట్టిగారు ఎప్పుడూ అడిగేవాడు. "అరువు సొమ్ము బరువు చేటు సారూ. రేపు వాడు నేర్చుకుని వాళ్ళూరికి పోతాడు. మనకేం మిగుల్తాది?" అనేవాడు. వ్యాపారి కాబట్టి ఆ లెక్క ఆయనకు తప్పుగా తోచేది కాదు. నాకూ మొదట్లో అట్లాగే తోచింది. వాళ్ళు నాకు జీపు వెనక తగిలించిన స్టెప్నీ. టైరు పంక్చరైతే వాడుకోవాలి, ఆ తర్వాత మరచిపోవాలి.

కానీ ఒక సంగతి గమనించాను. ఆళ్ళగడ్డ కుర్రవాడు తెల్లవారి మొదటి బస్సుకు దిగి మైదానానికి వచ్చేసరికి, రెండు వీధుల అవతల ఉన్న మావాళ్ళు ఇంకా పళ్ళు తోముకుంటూ ఉండేవాళ్ళు. మూడు ఆదివారాలు అట్లా జరిగాక నాలుగో ఆదివారం మావాళ్ళు నలుగురు వాడికన్నా ముందే వచ్చారు. నేను ఏళ్ళ తరబడి విజిలు ఊది, కేకలు వేసి, ఇళ్ళకు పోయి దుప్పట్లు లాగి సాధించలేనిది వాడు ఒక్క మాట అనకుండా సాధించాడు. ఆట తర్వాత ఉగ్గాని, బజ్జీలు తింటూ మావాళ్ళు వాడిని మీ ఊళ్ళో ఎట్లా ఆడతారని అడగడం మొదలుపెట్టారు. నన్ను ఎప్పుడూ అడగలేదు.

అరువు వచ్చినవాడికి మైదానం గట్టు మీద మేనమామలు, పెదనాయనలు ఉండరు. తప్పు చేస్తే వెనకేసుకొచ్చేవాళ్ళు లేరు, అందుకని జాగ్రత్తగా ఆడతాడు. ఎవరి కొడుకో మాకు తెలియదు కాబట్టి మేమూ వాడి ఆటే చూస్తాం. ఊరి పిల్లల్లో ఎవరి ఆటా మేం పూర్తిగా చూడలేదు, సగం వాళ్ళ ఇంటిపేరే చూశాం. ఇది నేను ఒప్పుకోవలసిన మాట.

చెడ్డ పక్షం కూడా చెప్తాను. అరువు ఎద్దును ఎక్కువ దున్నించి తక్కువ మేపే రైతులు మీకు తెలిసే ఉంటారు. కోచ్‌లలో వాళ్ళు ఇంకా ఎక్కువ. సొంత పిల్లాడికి కాలు బెణికితే ఇంటికి పంపుతాం, అరువు పిల్లాడికి పసుపు పట్టు వేసి ఆడిస్తాం. నేనూ వేశాను.

నిలబడి చూసేవాడు

శిల్పి కొడుకు దగ్గర నేను నేర్చుకోవలసింది నేర్చుకుని ఉంటే ఈ భాగం రాసే అవసరం ఉండేది కాదు.

తొంభైల చివర్లో మస్తానన్న నాకు ఒక పిల్లాణ్ణి ఇచ్చాడు. పేరు గురవయ్య. నల్లమలలో చెంచు గూడెం వాళ్ళది. వాళ్ళ నాయన అడవిలో వెదురు నరికే కూపుల్లో పనిచేసేవాడు. పిల్లాడు రుద్రవరంలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ, ఆళ్ళగడ్డ వచ్చి మస్తానన్న దగ్గర ఆడేవాడు. ఆ ఏడు క్రీడా హాస్టలుకు పిల్లల్ని ఎంపిక చేసేవాళ్ళు మా లీగు ఆట ఒకటి చూడడానికి వస్తారని కబురు వచ్చింది. ఆ హాస్టల్లో సీటు దొరికితే చదువు, తిండి, మంచి కోచింగు, అన్నీ వాళ్ళవే. గురవయ్యకు వయసు ప్రకారం అదే ఆఖరి ఏడు. ఆళ్ళగడ్డ లీగులో లేదు కాబట్టి, వాడు వాళ్ళ కంట్లో పడాలంటే నా జట్టులో ఆడాలి.

మస్తానన్న ఉత్తరం నా చేతిలో పెట్టి, "ఒకటే మాట సుబ్బయ్యా. వీన్ని నడిమిన ఆడించు. ఇంకేడా పెట్టొద్దు" అన్నాడు.

సరేనన్నాను. బస్సు నంద్యాల చేరేలోపలే నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. మా జట్టులో నడిమిన శెట్టిగారి కొడుకు ప్రసాద్ ఉన్నాడు. కుడి అంచున ఉరికేవాడు మాత్రం లేడు, ఉన్నవాడు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఈ పిల్లాడు అడవిలో పుట్టినవాడు. అడవి పిల్లలు జింకల్లా ఉరకరూ? ఈ విజ్ఞానం నాకు ఎక్కడి నుంచి వచ్చిందని అడక్కండి. నేనెప్పుడూ అడవిలో ఒక రాత్రి కూడా ఉండలేదు, మహానంది దాటి పోయింది తక్కువ.

మొదటి రోజే అంచున నిలబెట్టి, బంతి ముందుకు కొట్టి ఉరకమన్నాను. వాడు నడిచినట్టు ఉరికాడు. కోపం వచ్చింది. "అడవిలో పుట్టినోనివి, ఉరికేది కూడా నేను నేర్పాల్నా?" అన్నాను.

వాడు నొచ్చుకోలేదు. నాకు తెలియని విషయం చెప్తున్నట్టు, "మేము ఉరకం సారూ. ఉరికితే అన్నీ పారిపోతాయి. నిలబడి చూస్తాం" అన్నాడు.

ఇంత తేటగా చెప్పినా నాకు ఎక్కలేదు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాలుగు ఆటల్లో వాణ్ణి అంచున పెట్టాను. నాలుగింటిలోనూ వాడు చేతకానివాడిలా కనిపించాడు. గట్టు మీద జనం నవ్వారు, శెట్టిగారు "అరువు సొమ్ము" అని గుర్తుచేశాడు.

ఐదో ఆటకు ప్రసాద్ రాలేదు. పండగ సరుకు దిగుతోందని షాపులో ఉండిపోయాడు. గతిలేక గురవయ్యను నడిమిన పెట్టాను. ఆ రోజు జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ మాటలు సరిపోవు. వాడు ఉరకలేదు. అవతలివాడు బంతి ఎటు కొట్టబోతున్నాడో వాడి తుంటి తిరిగిన తీరు చూసి, రెండు అడుగులు ముందే అక్కడికి పోయి నిలబడేవాడు. బంతి వాడి దగ్గరికే వచ్చేది. తీసుకుని, తల ఎత్తి చూసి, మనవాడికి ఇచ్చేవాడు. మేం గోల్ వేయలేదు గానీ, మాకు ఒక్క గోల్ కూడా పడలేదు. పచ్చికాయలు కొట్టే పిల్లల్లాంటి మావాళ్ళు ఆ రోజు తోటమాలి ఎదురుగా ఉన్నట్టు బుద్ధిగా ఆడారు.

కాబట్టి తెలియక చేశానని నేను చెప్పలేను. తెలిసింది. ఆ రోజు సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ ఇంటికి పోతూ, ఎంపికల రోజు వీణ్ణి నడిమినే ఆడిస్తానని నాకు నేనే మాట ఇచ్చుకున్నాను.

ఆ ఆదివారం

ఎంపికకు వచ్చినవాళ్ళు ముగ్గురు. షామియానా కింద కుర్చీలు వేశాం. శెట్టిగారు స్వయంగా కూల్‌డ్రింకులు తెప్పించాడు. జట్టు పేర్లు రాస్తుంటే నా పక్కకు వచ్చి, చాలా నెమ్మదిగా, "మావాన్ని కూడా ఒకసారి చూస్తారు కద సారూ" అన్నాడు.

అంతే. బెదిరించలేదు, జెర్సీల మాట ఎత్తలేదు. కొడుకు మీద ఆశ ఉన్న తండ్రి అన్న మాట. నేనే ఎక్కువ విన్నాను. రేపు జెర్సీలు ఎవరిస్తారు, బంతులు ఎవరు కొంటారు, క్లబ్బు ఉంటుందా అని నా తలలో నేనే ఒక పెద్ద వాదన నడిపి, నాకు అనుకూలంగా తీర్పు చెప్పుకున్నాను. నడిమిన ప్రసాద్ పేరు రాశాను. కుడి అంచున గురవయ్య.

మస్తానన్న ఆళ్ళగడ్డ నుంచి బస్సులో వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. సగం ఆట కాగానే నా దగ్గరికి వచ్చి, "ఏంది సుబ్బయ్యా, నడిమిన కద చెప్పింది?" అన్నాడు.

"రెండో సగంలో మారుస్తాన్నా" అన్నాను. నిజంగానే మార్చాలనుకున్నాను. కానీ రెండో సగం మొదట్లోనే మాకు ఒక గోల్ వచ్చింది. గెలుస్తున్న జట్టును ఎవరు కదిలిస్తారు? పైగా ఆ సీజన్లో అప్పటిదాకా మేం ఒక్క ఆట కూడా గెలవలేదు. ఐదు నిమిషాలు చూద్దాం, ఇంకో ఐదు చూద్దాం అనుకుంటూ ఉండగా విజిలు పడింది. ఒకటి-సున్నా. జనం నన్ను ఎత్తుకున్నారు. నా కోచ్ జీవితంలో నన్ను ఎత్తుకున్నది ఆ ఒక్కసారే. పైనుంచి చూస్తే గురవయ్య కనిపించాడు. గట్టు మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు.

ఎంపికైన పేర్లు సాయంత్రం చదివారు. గురవయ్య పేరు లేదు. ప్రసాద్ పేరు కూడా లేదు. అవతలి జట్టు నుంచి ఒకణ్ణి తీసుకున్నారు.

గురవయ్య నా దగ్గరికి వచ్చి, "సారూ, వాళ్ళు నన్ను నడిమిన చూడనే లేదు కద?" అని అడిగాడు. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"వచ్చే ఏడు చూస్తార్లేప్పా" అన్నాను. వచ్చే ఏడు లేదని నాకు తెలుసు. వాడికీ తెలుసు. నా మాట పోకుండా ఉండడానికి తల ఊపాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను సిగ్గుపడిన రోజులు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ నవ్వు తెప్పించేవే. ఆ రోజును తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

వాణ్ణి అప్పజెప్పడానికి నేనే ఆళ్ళగడ్డ పోయాను. మస్తానన్న కూర్చోమన్నాడు, చాయ్ ఇప్పించాడు. నేను చాయ్ తాగుతుండగా, "మా ఇండ్లల్ల బదులు తెచ్చిన గిన్నె ఖాళీగా ఇయ్యరు సుబ్బయ్యా. పిడికెడు బెల్లమన్నా ఏసి ఇస్తారు. మీ ఇండ్లల్ల యట్లనో తెలీదు" అన్నాడు.

"మా ఇండ్లల్లనూ అంతేన్నా" అన్నాను.

"మరి నువ్వు చిల్లు పెట్టి ఇచ్చినావు."

నేను గ్లాసు కింద పెట్టాను.

గురవయ్య మరుసటి ఏడు చదువు మానేసి వాళ్ళ నాయనతో కూపుకు పోయాడని విన్నాను.

ప్రసాద్ అడిగింది

ఆ తర్వాత నెల్లాళ్ళకు ప్రసాద్ మా ఇంటికి వచ్చాడు. వాడి మీద నాకు లోపల కోపంగా ఉండేది, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. వాడు అరుగు మీద కూర్చుని, "సారూ, నన్ను ఆళ్ళగడ్డకు పంపిస్తావా? మా నాయన లేని చోట ఒక్క సీజను ఆడాలనుంది" అన్నాడు.

నేను తెల్లబోయాను. గట్టు మీద తండ్రి కూర్చుని ఉంటే వాడికి కాళ్ళు ఆడేవి కావట. అందుకే బంతి వస్తే ఎటో ఒకటు గట్టిగా తన్నేవాడట, తన దగ్గర లేకపోతే తప్పు తనది కాదని. మూడేళ్ళు వాడికి కోచ్‌ని నేను. ఈ సంగతి నాకు తెలియదు.

మస్తానన్న తీసుకోడనే అనుకున్నాను. తీసుకున్నాడు. "నేనేం చిల్లు పెట్టన్లే" అని మాత్రం అన్నాడు. ఆ ఏడు మస్తానన్న నలుగురి దగ్గరా చందా పోగుచేసి తన జట్టును కూడా లీగులో చేర్చాడు. ప్రసాద్ వారానికి రెండుసార్లు షాపు వదిలి బస్సెక్కేవాడు. ఏడాది తర్వాత తిరిగి వచ్చినప్పుడు వాడు నడిమిన ఆడలేదు. తానే ఎడమ వైపు వెనక వరస అడిగి తీసుకున్నాడు. బంతి వస్తే తల ఎత్తి చూశాకే కొట్టేవాడు. శెట్టిగారు అది చూసి, "మావానికి ఏం తినిపించినారు సారూ ఆడ?" అని అడిగాడు. అప్పటి నుంచి ఆయన అరువు సామెత మానేశాడు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. అరువు తెచ్చుకోవడం ఎంత మేలో, మన వాణ్ణి అరువు పంపడం అంత మేలు. కుర్రవాణ్ణి నీ జట్టులో ఉన్న ఖాళీని బట్టి చూడకు. వాడేమిటో ముందు చూడు, దాన్ని బట్టి ఖాళీ ఎక్కడ చేయాలో తర్వాత ఆలోచించు. ఇది రాసినంత తేలిక కాదు. ఖాళీ చేయాలంటే అక్కడ ఉన్నవాణ్ణి, వాడి నాయనను కదిలించాలి.

రుద్రవరం నుంచి

రెండు వేల సంవత్సరం దాటి పదహారు పదిహేడేళ్ళయ్యాక మా క్లబ్బు మళ్ళీ పాత స్థితికి వచ్చింది. పిల్లలంతా క్రికెట్టుకు పోయారు. మస్తానన్న అప్పటికే రిటైరయ్యాడు. ఒకరోజు ఆయనే ఫోను చేసి, రుద్రవరంలో ఒకతను సాయంత్రాలు పిల్లల్ని ఆడిస్తున్నాడనీ, మంచి పిల్లలు ఉన్నారనీ చెప్పాడు.

"ఎవరన్నా అతను?"

"గురవయ్య. పొయ్యి అడుగు. ఇస్తాడో ఇయ్యడో నాకు తెలీదు."

వారం రోజులు పోదామా వద్దా అని తన్నుకులాడి చివరికి పోయాను. గురవయ్య అప్పటికి అడవిలో మంటలు రాకుండా కాపలా కాసే పనిలో ఉన్నాడు. పెళ్ళయి, ఇద్దరు పిల్లలు. నన్ను చూడగానే గుర్తుపట్టి, కుర్చీ తెచ్చి వేశాడు. నేను మొదట ఆ ఆదివారం మాట ఎత్తాను. "నాదే తప్పప్పా. నిన్ను నడిమిన ఆడించాల్సింది. తెలిసీ ఆడించలే" అన్నాను. ఈ ఒక్క మాట అనడానికి నాకు అన్నేళ్ళు పట్టింది.

"తెలుసు సారూ" అన్నాడు. పర్వాలేదని అనలేదు. నాకదే మేలనిపించింది.

తర్వాత, లీగుకు ఒక పిల్లాణ్ణి ఇస్తావా అని అడిగాను. అతను మైదానం వంక చూశాడు. "మీ ఆట చూసి చెప్తా సారూ" అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే అతను నంద్యాల వచ్చాడు. గట్టు మీద ఒక మూల కూర్చుని మా ఆట అంతా చూసి బస్సెక్కి వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చాడు, మళ్ళీ చూసి వెళ్ళిపోయాడు. ఆ రెండు వారాలూ నేను కొత్తగా ఉద్యోగంలో చేరినవాడిలా ఆడించాను. ఇన్‌స్పెక్షన్లకు కూడా అంత భయపడలేదు. ఎవరిని ఎక్కడ పెట్టాలో పది సార్లు ఆలోచించేవాణ్ణి, కేకలు వేయబోయి నోరు మూసుకునేవాణ్ణి. మూడో వారం కూడా ఒంటరిగానే వచ్చాడు. ఇక ఇవ్వడని అనుకున్నాను. ఇవ్వకపోవడంలో న్యాయం ఉంది.

నాలుగో ఆదివారం అతని పక్కన పన్నెండు పదమూడేళ్ళ పిల్లాడు ఉన్నాడు. బక్కగా ఉన్నాడు, బూట్లు చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"నా పెద్దోడు సారూ" అన్నాడు గురవయ్య.

ఊళ్ళో అంతమంది పిల్లలుండగా తన కొడుకునే తెస్తాడని నేను అనుకోలేదు.

"వీన్ని యాడ ఆడిస్తావు సారూ?" అని అడిగాడు.

నాకు తెలిసిన చోట్లన్నీ నాలుక మీదికి వచ్చాయి. మింగేశాను. "ఇప్పుడే ఏం తెలీదప్పా. రెండు మూడు ఆటలు ఊరికే చూస్తా" అన్నాను.

గురవయ్య కొడుకు వీపు మీద చెయ్యి వేసి నా వైపు నెట్టాడు.